వట్టి మనిషి కాదు

మా వైపు కడుపుతో ఉన్న ఆడపిల్లను గురించి చెప్పవలసి వస్తే "వట్టి మనిషి కాదు" అంటారు. మీ వైపూ అంటూ ఉండవచ్చు. బిందె ఎత్తబోయినా, గ్రహణం నాడు గడప దాటబోయినా, పొద్దుగూకాక ఒంటరిగా బయలుదేరబోయినా పెద్దవాళ్ళ నోట ముందుగా వచ్చే మాట అదే. వట్టి మనిషి కాదు గనుక ఆమెకు ముందు పెట్టాలి, ఆమెను ముందు చూడాలి అని దాని తాత్పర్యం. అయితే 2020, 2021 సంవత్సరాల్లో, కరోనా కాలాన, ఇదే మాటను మనం మరొక అర్థంలో వాడుకున్నామని నాకు అనిపిస్తుంది. వట్టి మనిషి కాదు గనుక ఆమెకు ఈ మందు వద్దు, ఈ పరీక్ష వద్దు, ఈ టీకా వద్దు, మా ఆసుపత్రిలో అసలే వద్దు. వరుసలో ముందుండవలసిన మనిషిని జాగ్రత్త పేరుతో చివరికి నెట్టాము. ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క సంగతే. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడెందుకు అంటారా? ఆ రోజులు అందరూ మరిచిపోతున్నారు గనుక.

మా ఊరు చిలకలూరిపేటకూ మార్టూరుకూ నడుమ ఉంటుంది. నల్లరేగడి నేల. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. అప్పట్లో పేట గుంటూరు జిల్లా, మార్టూరు ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్లో జిల్లాలను విడగొట్టాక మొదటిది పల్నాడుకూ రెండోది బాపట్లకూ పోయాయి గానీ, చేలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

2021 ఏప్రిల్లో మా అక్క తన కూతురిని పురిటికి పుట్టింటికి తెచ్చుకుంది. ఏడో నెల. ఆనవాయితీ ప్రకారం సీమంతం చేశారు. "నలుగురిని పిలుచుకుందాం, అంతే" అన్నారు. నలుగురంటే నలభైమంది అయ్యారు. గాజులు తొడిగారు, చలిమిడి పంచారు, పాటలు పాడారు. నేనూ ఉన్నాను, నేనూ అక్షింతలు వేశాను. ఐదో రోజుకు పిల్లకు ఒళ్ళు వెచ్చబడింది. ఎండదెబ్బ అనుకున్నాం. ఇంకో రెండు రోజులకు నాతో, "మామయ్యా, నాలుగు మెట్లెక్కితే ఆయాసమొస్తోంది" అంది. నేనేమన్నానో తెలుసా? "నెలలు నిండేకొద్దీ ఆయాసం మామూలేనమ్మా, మీ అమ్మకూ అట్లాగే ఉండేది" అన్నాను. అక్కా అదే అంది, ఇరుగుపొరుగు అమ్మలక్కలూ అదే అన్నారు. మా మాట అబద్ధం కాదు. గర్భిణులకు ఆయాసం మామూలే. ప్రమాదమంతా ఆ మామూలు వెనకే దాక్కుని ఉందని మాకు తెలియలేదు.

పక్కింటి కుర్రవాడు ఆక్సీమీటరు తెచ్చి వేలికి తగిలిస్తే 93 చూపించింది. "94 దాకా పర్వాలేదంట, ఒక్కటే కదా తక్కువ" అని మాలో మేం సర్దిచెప్పుకున్నాం. గర్భిణికి ఆ లెక్క వేరనీ, 95కు తగ్గకూడదనీ, కడుపులో బిడ్డకు ప్రాణవాయువు అందాలంటే తల్లి రక్తంలో ఆ మాత్రం ఉండి తీరాలనీ మాకు ఎవరూ చెప్పలేదు. పత్రికల్లోనూ ఫోన్లలోనూ తిరిగిన జాగ్రత్తల పట్టికలన్నీ వట్టి మనుషుల కోసం రాసినవే.

ఆ రాత్రి కారులో తీసుకుపోయాం. మొదటి ఆసుపత్రిలో కాన్పుల డాక్టరు ఉంది గానీ కోవిడ్ వార్డు లేదన్నారు. రెండోచోట కోవిడ్ వార్డు ఉంది గానీ కాన్పుల డాక్టరు లేదన్నారు. ఆ రెంటి పేర్లు రాయను. ఆ రోజుల్లో వాళ్ళ కష్టాలు వాళ్ళవి, పడకలు లేవు, సిబ్బంది సగంమంది జ్వరాలతో పడి ఉన్నారు. మూడోచోట చేర్చుకున్నారు. పదకొండు రోజులు ప్రాణవాయువు పెట్టారు. మధ్యలో రక్తపోటు పెరిగింది. ముప్పైమూడో వారంలో కోసి బిడ్డను తీశారు. కేజీ ఏడువందల గ్రాముల ఆడపిల్ల. ఇద్దరూ బతికారు. మేము అదృష్టవంతులం.

ఇకపోతే, ఇది మా ఇంటి కథ ఒక్కటే అయితే రాసేవాణ్ణి కాదు. తర్వాత కొంత చదివాను, కొంత డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. తెలిసిన కొద్దీ, మా పిల్ల పడిన పాట్లలో వింతేమీ లేదనీ, అంతా ముందే ఊహించదగినదేననీ బోధపడింది.

గర్భిణి ఊపిరి సంగతి చూడండి. నెలలు నిండేసరికి గర్భసంచి పెరిగి, పొట్టకూ రొమ్ముకూ నడుమనున్న కండర పొరను సుమారు నాలుగు సెంటీమీటర్లు పైకి నెడుతుంది. గాలి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలే నిల్వ ఐదోవంతు తగ్గిపోతుంది. అదే సమయంలో ఆమెకు కావలసిన ప్రాణవాయువు ఐదోవంతు పెరుగుతుంది. అంటే ఖర్చు పెరిగింది, నిల్వ తగ్గింది. కౌలు రైతు ఇల్లు ఎట్లా నడుస్తుందో అట్లా నడుస్తుంది ఆ శరీరం. అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం నెట్టుకొస్తుంది, ఒక్క దెబ్బ తగిలితే తట్టుకోలేదు. రోగనిరోధక శక్తి కూడా, కడుపులో బిడ్డను పరాయిదిగా భావించి దాడి చెయ్యకుండా, తన తీరు మార్చుకుని ఉంటుంది. కాన్పులో రక్తం ఎక్కువగా పోకుండా ప్రకృతి రక్తానికి గడ్డకట్టే గుణం పెంచి ఉంచుతుంది. కరోనా చేసేదీ రక్తాన్ని గడ్డకట్టించటమే. రెండూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి తోడు మరొకటి. 2020లో 18 దేశాల్లోని 43 ఆసుపత్రులు కలిసి ఒక అధ్యయనం చేశాయి. మన దేశమూ అందులో ఉంది. కరోనా సోకిన 706 మంది గర్భిణులను, సోకని 1,424 మందితో పోల్చి చూశారు. సోకినవారిలో రక్తపోటు పెరిగి మూత్రంలో మాంసకృత్తులు పోయే జబ్బు, అంటే ప్రీ ఎక్లాంప్సియా, ఒకటిముప్పాతిక రెట్లు ఎక్కువగా కనిపించింది. అది ముదిరి మూర్ఛలు రావటాన్నే మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేవారు. నెలలు నిండని కాన్పులు ఒకటిన్నర రెట్లు దాటాయి. సోకిన 706 మందిలో 11 మంది తల్లులు చనిపోయారు. సోకని 1,424 మందిలో చనిపోయింది ఒక్కరు. అమెరికాలో అదే ఏడాది లక్షణాలున్న నాలుగు లక్షల మంది స్త్రీల వివరాలు పరిశీలిస్తే, అదే ఈడు మామూలు స్త్రీల కంటే గర్భిణులకు ఐసీయూ అవసరం మూడు రెట్లు, మరణభయం 1.7 రెట్లు ఎక్కువని తేలింది.

ఇవి మొదటి విడత లెక్కలు. 2021 వేసవిలో డెల్టా రకం వచ్చినప్పుడు ఏం జరిగిందో ముంబైలోని నాయర్ ఆసుపత్రి అంకెలు చెబుతాయి. మొదటి విడతలో అక్కడ కరోనాతో చేరిన గర్భిణులు, బాలింతల్లో నూటికి 0.7 మంది చనిపోతే, రెండో విడతలో నూటికి 5.7 మంది చనిపోయారు. భారత వైద్య పరిశోధన మండలి ఈ అంకెలను 2021 జూన్‌లోనే బయటపెట్టింది. ప్రపంచం మొత్తం మీద 2020లో 2,82,000 మంది తల్లులు గర్భం, కాన్పు కారణంగా చనిపోగా, 2021లో ఆ సంఖ్య 3,22,000కు పెరిగిందని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. ఒక్క ఏడాదిలో నలభైవేలు పెరిగింది. కొందరు కరోనాతోనే పోయారు, కొందరు కరోనా భయంతో మూతబడిన తలుపుల ముందు పోయారు.

ఇదంతా ఊహకందని విపత్తా? కాదు. 1918 నాటి ఇన్ఫ్లుయెంజాలో అమెరికాలో వివరాలు సేకరించిన 1,350 మంది గర్భిణుల్లో నాలుగోవంతుకు పైగా చనిపోయారని ఆ మరుసటి ఏడే వైద్యపత్రికల్లో అచ్చయింది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు, అమెరికా జనాభాలో నూటికి ఒక్కరైన గర్భిణులు, ఆ జబ్బు మరణాల్లో మాత్రం నూటికి ఐదుగురు. ఊపిరితిత్తులకు పట్టే ఏ మహమ్మారి వచ్చినా గర్భిణి ముందువరుసలో దెబ్బ తింటుందని నూరేళ్ళుగా తెలిసిన విషయమే. తెలిసి కూడా టీకాల పరీక్షలు మొదలుపెట్టినప్పుడు ఆమెను బయట ఉంచారు. బిడ్డకేమవుతుందోనన్న భయం.

ఆ భయాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే తేదీలు వరుసగా పెట్టి చూడండి. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. గర్భిణులకు వెయ్యరాదన్నారు. ఏప్రిల్లో, అమెరికాలో టీకా వేయించుకున్న 35 వేలమందికి పైగా గర్భిణుల వివరాలు అచ్చయ్యాయి, ఆందోళన పడవలసినదేదీ కనిపించలేదు. అదే నెలలో బ్రిటన్ తన గర్భిణులకు టీకా ఇవ్వవచ్చునంది. మన కాన్పుల డాక్టర్ల సమాఖ్య కూడా ప్రభుత్వం కన్నా ముందే ఇవ్వాలని చెప్పింది. మే 19న పాలిచ్చే తల్లులకు అనుమతి వచ్చింది. గర్భిణులకు అనుమతి వచ్చింది జులై 2న. అప్పటికి రెండో విడత ఉధృతి తగ్గిపోయింది. చితులు ఆరాక తెచ్చిన నీళ్ళు అవి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. అమెరికాలో వేసిన టీకాలు వేరు, మన కోవిషీల్డ్, కోవాగ్జిన్ వేరు, వాటి గురించి గర్భిణులలో వివరాలు లేనప్పుడు ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుంది అని. నిజమే. కానీ ఆ వివరాలు ఎందుకు లేవు? పరీక్షల్లో ఆమెను చేర్చుకోలేదు గనుక లేవు. ముందు ఆమెను బయట ఉంచటం, తర్వాత ఆమె గురించి తెలియదనటం, తెలియదు గనుక మళ్ళీ బయట ఉంచటం. ఈ గానుగ చుట్టూ ఎద్దు ఎంతకాలం తిరుగుతుంది? పైగా టీకా వద్దని చెప్పినంత మాత్రాన ఆమెకు ప్రమాదం తప్పలేదే! ఒకవైపు తెలియని చిన్న భయం, మరోవైపు తెలిసిన పెద్ద ప్రమాదం. ఏది ఎంచుకోవాలో ఆమెనే అడగవచ్చును కదా. అమెరికాలో మొదటి నుంచీ అట్లాగే అడిగారు.

మన రాష్ట్రంలో మరొక విచిత్రం జరిగింది. మూడో విడత పిల్లల మీదికి వస్తుందన్న భయంతో, 2021 జూన్‌లో ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులకు ముందుగా టీకా వెయ్యాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. మంచి నిర్ణయమే, ఎందరో తల్లులకు మేలు చేసింది. కానీ గమనించండి. చంకలో బిడ్డ ఉన్న తల్లి వరుసలో ముందుకు వచ్చింది, కడుపులో బిడ్డ ఉన్న తల్లి ఆ వరుసలోనే లేదు. ఆ తల్లిని ముందుకు తెచ్చింది కూడా బిడ్డ కోసమే. ఆమె ప్రాణం ఆమెకు కావాలి గనుక కాపాడదామని ఎవరికైనా తట్టిందా అని నా సందేహం.

టీకా అనుమతి వచ్చాక ఏమైంది? మా ఊళ్ళో ఆశా కార్యకర్త గర్భిణుల ఇళ్ళకు తిరిగి తిరిగి చెప్పులరిగిపోయాయి. "మొన్నటిదాకా మీరే వద్దన్నారు కదమ్మా, ఇప్పుడు మంచిదైపోయిందా?" అని అడిగారట ఒక అత్తగారు. ఆ ప్రశ్నకు ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. ఆరు నెలలు నిషేధం పెడితే, తియ్యటానికి ఒక్క ఉత్తర్వు చాలు, జనం మనసులోంచి తియ్యటానికి చాలదు. స్కాట్లండ్‌లో లెక్కలు తీస్తే, కరోనాతో అత్యవసర చికిత్స దాకా వెళ్ళిన గర్భిణుల్లో నూటికి 98 మంది టీకా వేయించుకోనివారే. ఆ అంకె మా ఊరి అత్తగారికి ఎవరు చెబుతారు?

ఇక మా చేల సంగతి. మిరప కోతలకు, పత్తి తీతకు ఏటా కర్నూలు వైపు నుంచి ముఠాలు వస్తాయి. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే. చేలగట్ల మీద పట్టాలతో గుడారాలు వేసుకుంటారు. కడుపుతో ఉన్నవాళ్ళూ వస్తారు, రాకపోతే గడవదు. 2020 మార్చి చివర్లో దేశమంతా మూసేసినప్పుడు వాళ్ళు ఇటు ఊరికి పోలేక, అటు పనిలేక చిక్కుబడిపోవటం మీకు గుర్తుండే ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డు మూతబడింది, కల్లాల్లో కాయలు ఎండి గలగలలాడాయి. అప్పటి వెతలు కొన్ని పత్రికలకెక్కాయి.

నేను చెప్పేది ఆ మరుసటి ఏడు సంగతి. 2021 ఏప్రిల్లో, మా పక్కచేలో చివరి కోతకు వచ్చిన ముఠాలో ఒకామె ఆరో నెల గర్భిణి. మనిషి బాగా పాలిపోయి ఉండేది. జ్వరం, దగ్గు పట్టుకుంటే మేస్త్రీ ఆమెనూ మొగుణ్ణీ ట్రాలీ ఆటో ఎక్కించి ఊరికి పంపేశాడు. రెండు వారాల తర్వాత, కూలి బాకీ లెక్క చెప్పటానికి ఫోన్ చేసి, ఆమె పోయిందని చెప్పాడు. "జొరమొచ్చి పోయిందండీ" అన్నాడు. పరీక్ష చెయ్యలేదు. అది కరోనాయేనని నేను రుజువు చెయ్యలేను. ఎవరూ చెయ్యలేరు. నా బాధ అదే. కరోనా మృతుల లెక్కలో ఆమె లేదు. తర్వాత సుప్రీంకోర్టు ఆమోదంతో ఇచ్చిన యాభైవేల రూపాయల పరిహారానికి కూడా పరీక్ష కాగితమో, డాక్టరు నిర్ధారణో చూపాలి. ఆమె మొగుడి దగ్గర ఏ కాగితమూ ఉండే అవకాశం లేదు. గర్భిణిగా ఉండగా, లేదా గర్భం ముగిసిన 42 రోజుల లోపల, ఆ గర్భం వల్ల ముదిరిన జబ్బుతో పోతే మాతృమరణమే అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. "జొరమొచ్చి పోయింది" అన్న మాటకు ఆ నిర్వచనంలో చోటెక్కడ?

ఆంధ్రప్రదేశ్‌లో మాతృమరణాలు తగ్గాయన్నది నిజం. 2018-20 మధ్య లక్ష కాన్పులకు 45 అని కేంద్రం లెక్క, దేశం సగటు 97. కాన్పుల్లో నూటికి 96 పైగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. గర్వపడవలసిందే. కానీ అదే సర్వేలో మరో అంకె ఉంది. మన రాష్ట్రంలో గర్భిణుల్లో నూటికి 53.7 మందికి రక్తహీనత. ప్రాణవాయువును మోసేది రక్తం. ఆ మోసే బండే సగం ఖాళీగా ఉన్న తల్లికి ఊపిరితిత్తుల జబ్బు వస్తే ఏమవుతుంది? మిరపచేలో వంగి కాయ కోసే మనిషికీ, కోల్డ్ స్టోరేజీల దగ్గర ఘాటులో కూర్చుని రోజంతా తొడిమలు తీసే మనిషికీ ఆ మహమ్మారి ఏం చేసి ఉంటుందో రాష్ట్రం మొత్తానికి కట్టిన సగటు అంకె చెప్పదు. ఊరు ఊరున లెక్క తియ్యాలి.

అందుచేత నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఒకటి, రేపు మరో మహమ్మారి వస్తే, టీకా పరీక్షల్లో ప్రాథమిక భద్రత తేలగానే, ఇష్టపడిన గర్భిణులను చేర్చుకోవాలి. టీకా వచ్చిన నాడు నిర్ణయం ఆమెకు వదలాలి. రెండు, ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా జరిగే పరీక్షల్లో వేలికి ఆక్సీమీటరు పెట్టటం మామూలు కావాలి. "95కు తగ్గితే ఆగవద్దు" అన్న ఒక్క వాక్యం ప్రతి గర్భిణి కార్డు మీద అచ్చు వెయ్యాలి. మూడు, గర్భిణికి ఇన్ఫ్లుయెంజా టీకా మంచిదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు గానీ, ఉచిత టీకాల పట్టికలో ఆమెకు ఉన్నది ధనుర్వాతం, కంఠసర్పి టీకా మాత్రమే. ఇన్ఫ్లుయెంజా టీకా కూడా చేర్చాలి. నాలుగు, అంటువ్యాధి వార్డూ కాన్పుల గదీ ఒకే కప్పు కింద ఉండే ఆసుపత్రి ప్రతి జిల్లాలో ఒకటైనా ముందే నిర్ణయించి ఉంచాలి, ఆ పేరు 108 బండివాడికి తెలిసి ఉండాలి. అర్ధరాత్రి కారులో పిల్లను పడుకోబెట్టుకుని ఆసుపత్రులు వెతుక్కునే పని ఇంటివాళ్ళది కాకూడదు.

మనం చెయ్యగలిగినదీ ఉంది. ఆయాసమంటే మామూలే అనకుండా ఉండటం. ఆ మాట అన్నవాణ్ణి గనుక చెబుతున్నాను.

మా మేనకోడలి కూతురు ఇప్పుడు బడికి పోతోంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లని చూసినవాళ్ళెవరూ అనుకోరు, అంత అల్లరి. తల్లికి మాత్రం ఆనాడు పెరిగిన రక్తపోటు పూర్తిగా దిగలేదు, రోజూ మాత్ర వేసుకుంటుంది. ప్రీ ఎక్లాంప్సియా వచ్చినవాళ్ళకు ముందుముందు రక్తపోటు, గుండెజబ్బుల భయం ఎక్కువని డాక్టరు చెప్పారు. జబ్బు తగ్గింది గానీ లెక్క తీరలేదన్నమాట. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మాత్ర మరిచిపోయిందని అక్క గుర్తుచేస్తుంటే, నవ్వి, "ఇప్పుడు నేను వట్టి మనిషినేగా అమ్మా, నా సంగతెందుకు?" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చదివిన మిత్రులకు ఒక మనవి. మీ ఊళ్ళో, మీ వీధిలో ఆ రెండేళ్ళలో జ్వరమొచ్చి పోయిన గర్భిణి, బాలింత ఎవరైనా ఉంటే, పేరు లేకుండా, ఏ నెలలో పోయిందో, పరీక్ష జరిగిందో లేదో, ఎన్ని ఆసుపత్రులు తిరిగారో కింద రాయండి. నాలుగు ఊళ్ళ నుంచి నాలుగు మాటలు పోగైనా, ఎవరి లెక్కలోనూ లేని ఆ మనుషులు ఒకచోట కనిపిస్తారు.